3 లీటర్ల బౌలు నుంచి 20 లీటర్ల ట్యాంకుకు: రూ.1,800 బడ్జెట్‌లో ఒక ఫైటర్ చేప కేసు

నేపథ్యం

హైదరాబాద్ శివారులో ఒక అద్దె ఇల్లు, ఇద్దరు స్కూలు పిల్లలున్న కుటుంబం. పుట్టినరోజు ఫంక్షన్‌లో రిటర్న్ గిఫ్ట్‌గా వచ్చిన ఫైటర్ చేప నెల తిరగకుండానే చనిపోయింది. పిల్లల బెంగ చూడలేక ఇంకోటి కొని అదే గాజు బౌలులో వేశారు. నీలం రంగు మగ చేప, తోక పొడుగ్గా ఉండే రకం. డిసెంబరు చివరికి అది కూడా మెత్తబడిపోవడంతో మమ్మల్ని సలహా అడిగారు. రూ.1,800 దాటి పెట్టలేమని మొదటి మాటలోనే చెప్పేశారు. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలేవీ ఇక్కడ ఇవ్వడం లేదు.

డబ్బు తక్కువగా ఉన్నవాళ్లకు బౌలే గతి అని చాలామంది అనుకుంటారు. ఈ కేసు చూస్తే అలా లేదు. ఉన్న డబ్బులో ఏది ముందు కొన్నాం, ఏది కొనకుండా ఆగాం అన్నదే చేప ప్రాణాన్ని నిలబెట్టింది.

బౌలులో పట్టేది 3 లీటర్లు, పోసేది రెండున్నర. ఫిల్టర్ లేదు, హీటర్ లేదు. అడుగున రంగు గులకరాళ్లు, ఒక ప్లాస్టిక్ మొక్క. తెల్లవారుజామున నీటి ఉష్ణోగ్రత 19 డిగ్రీలు. ఇంటి సంపులో బోరు నీళ్లకు వారంలో ఒకటి రెండు రోజులు మున్సిపల్ నీళ్లు కలుస్తాయి. ఆర్‌ఓ మెకానిక్ దగ్గరున్న టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) పెన్‌తో చూస్తే 900 దగ్గర చూపించింది. పీహెచ్ 8. పిల్లలిద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు గింజలు వేస్తున్నారు, రోజుకు ఎనిమిది పది వరకు.

సమస్య

చేప అడుగున పక్కకు ఒరిగి పడుకుని, గాలి కోసం మాత్రం పైకి వచ్చి మళ్లీ కిందికి జారిపోతోంది. రెక్కలు ఒంటికి అతుక్కుపోయాయి. తోక అంచు పొడుగునా చీలికలు, వాటి చివర సన్నని నల్లగీత. మొప్పల దగ్గర ఎరుపు. రెండు రోజులుగా తిండి ముట్టలేదు. టార్చి వేసి పక్క నుంచి చూస్తే తెల్లచుక్కలు లేవు, దూదిలాంటి బూజు లేదు, వెల్వెట్ జబ్బులో కనిపించే బంగారు పొడిలాంటి పూతా లేదు.

తోక చీలడానికి మూడు కారణాలను అనుమానించాం. గరుకు వస్తువులకు తగిలి చిరగడం, బ్యాక్టీరియా, చేప విసర్జన, మిగిలిన తిండి నుంచి నీటిలో చేరే అమ్మోనియా దెబ్బ. ప్లాస్టిక్ మొక్కను పాత షిఫాన్ చున్నీ మీద రుద్దితే పోగులు లేచాయి, కాబట్టి దాన్ని వెంటనే తీసేయించాం. కానీ గీరుకుంటే ఒకచోటో రెండుచోట్లో చిరుగుతుంది, అంచంతా ఒకేలా నలుపెక్కదు. అమ్మోనియా డ్రాప్స్ కిట్‌తో నీళ్లు పరీక్షిస్తే రంగు 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) గడి దగ్గరికి వచ్చింది. అసలు కారణం అదే. బ్యాక్టీరియా ఉన్నా, అమ్మోనియా తగలబెట్టిన చోట తర్వాత చేరిందే.

ఇంట్లో అప్పటికే చేసినవి, అవి పనిచేయకపోవడానికి కారణాలు

నాలుగు రోజులకోసారి మొత్తం నీళ్లు పారబోసి, రాళ్లు కుళాయి కింద కడిగి, కొత్త నీళ్లు పోసేవారు. శుభ్రత అనుకునే చేశారు. అయితే అమ్మోనియాను తినే బ్యాక్టీరియా నీటిలో తక్కువ, రాళ్ల మీద, స్పాంజిలో ఎక్కువ ఉంటుంది. అది స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నాలుగో రోజే కడిగేస్తుంటే ఎప్పటికీ మొదటి రోజే. పైగా మున్సిపల్ నీళ్లు కలిసిన రోజు ఆ క్లోరిన్ నేరుగా మొప్పల మీద పడుతుంది. నీళ్లు మార్చిన రోజే చేప ఎక్కువ డీలా పడుతోందని ఆ ఇంటి అమ్మాయి గమనించింది. అది చాలా విలువైన ఆధారం.

షాపులో ఇచ్చిన పసుపు రంగు మందు వేశారు. రెండున్నర లీటర్లకు మోతాదు అందాజాగా చిటికెడు. నీళ్లు పసుపెక్కాయి, అమ్మోనియా ఎక్కడిదక్కడే ఉంది. యాంటీబ్యాక్టీరియల్ మందులు మనకు కావలసిన బ్యాక్టీరియానూ వదలవు. షాపుల్లో ఇచ్చే నీలం మందు (మిథిలీన్ బ్లూ) కూడా అంతే.

చలికని బౌలు పక్కన టేబుల్ ల్యాంపు పెట్టారు. రెండున్నర లీటర్ల నీళ్లు ల్యాంపు వేస్తే గబగబా వేడెక్కుతాయి, తీస్తే గబగబా చల్లబడతాయి. రోజుకు ఐదారు డిగ్రీలు ఎక్కి దిగడం స్థిరమైన 22 డిగ్రీల కంటే చేప ఒంటికి ఎక్కువ చేటు.

మొదటి నిర్ణయం: ముందు వేడి కాదు, నీళ్లు

హీటర్ తెచ్చి బౌలులో పెడదామని ఇంట్లోవాళ్లు అన్నారు. వద్దన్నాం. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. చేపను చంపేది అందులో అయాన్‌గా మారని భాగం. పీహెచ్, ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఆ భాగం పెరుగుతుంది. పీహెచ్ 8, 19 డిగ్రీల దగ్గర అది మొత్తంలో మూడున్నర శాతం, 26 డిగ్రీల దగ్గర ఐదున్నర శాతం పైన. 2 పీపీఎం ఉన్న నీటిని అలాగే వేడి చేస్తే విషం లీటరుకు 0.07 నుంచి 0.11 మిల్లీగ్రాములకు పోతుంది. 0.02 దాటితేనే మొప్పలకు దెబ్బ అని లెక్క వేసుకునే చోట ఇది చాలా పెద్ద పెరుగుదల. పీహెచ్ 7 ఉన్న నీటిలో, అదే 26 డిగ్రీల దగ్గర, ఈ భాగం 0.6 శాతమే. బోరు నీళ్లు వాడే ఇళ్లలో అమ్మోనియాను ఇంకా కఠినంగా చూడాల్సింది ఇందుకే.

కాబట్టి ట్యాంకు సిద్ధమయ్యే లోపు చేపను కొత్త ప్లాస్టిక్ బకెట్లోకి మార్చాం. సబ్బు, ఫినాయిలు ఎప్పుడూ తగలని బకెట్. 15 లీటర్ల నీళ్లు, అందులో క్లోరిన్ విరుగుడు. బకెట్‌ను వంటింట్లో పెట్టి, దుప్పటి చుట్టి, మూత కాస్త తెరిచి ఉంచారు. బకెట్ నీళ్లను గ్లాసుతో కొద్దికొద్దిగా బౌలులో కలుపుతూ, గంటలో మార్పు పూర్తి చేశాం. రోజూ మూడో వంతు నీళ్లు మార్చడం, తిండి ఏమీ వేయకపోవడం. ట్యాంకు నిలిచే వరకు వైద్యం ఇంతే.

"మందు వేయకుండా ఎలా తగ్గుతుందండీ?" అని ఇంటావిడ అడిగారు. మంచి నీళ్లలో వారం గడిచాక కూడా చీలిక ఒంటి వైపు పాకుతుంటే అప్పుడు మందు వేద్దాం, అంచు దగ్గరే ఆగితే వద్దు అని హద్దు ముందే రాసుకున్నాం. ఆ హద్దు లేకపోతే కంగారులో రోజుకో సీసా కొనేస్తారు.

రెండో నిర్ణయం: రూ.1,800 దేనికి

ఫైటర్‌కు గుక్కెడు నీళ్లు చాలన్న అపోహ దాని ఊపిరి నుంచి పుట్టింది. కొర్రమీనులాగే ఇది కూడా పైకొచ్చి గాలి పీలుస్తుంది, కాబట్టి ఆక్సిజన్ లేని నీటిలోనూ చావదు. చావకపోవడాన్నే బతకడం అనుకుంటాం. థాయ్‌లాండ్‌లో ఇది పుట్టిన వరి మడులు, చిత్తడి నేలలు లోతు తక్కువే గాని విస్తీర్ణం తక్కువవి కావు. గాలి పీల్చే అవయవం అమ్మోనియాను ఆపలేదు. దాన్ని పలచన చేసేది నీటి పరిమాణమే. ఒకే చేప, ఒకే తిండి. రెండున్నర లీటర్లలో 2 పీపీఎం అయ్యేది 20 లీటర్లలో 0.25 అవుతుంది. అందుకే మొదటి ఖర్చు గాజుకే.

కొత్త ప్లాస్టిక్ స్టోరేజీ డబ్బా, పాత గాజు ట్యాంకు రెండూ ఇంచుమించు ఒకే ధరకు దొరికాయి. 30 లీటర్ల డబ్బాలో 20 లీటర్లు పోస్తే పక్కలు ఉబ్బుతాయి, మూత సరిగా కూర్చోదు, హీటర్ గోడకు తగిలితే ప్లాస్టిక్ మెత్తబడుతుంది. పాత గాజు ట్యాంకులో ఉన్న భయం కారడం ఒక్కటే, దాన్ని పరీక్షించి తెలుసుకోవచ్చు. 18 అంగుళాల పొడవు, 10 వెడల్పు, 10 ఎత్తు ఉన్న ట్యాంకు రూ.400కు వచ్చింది. 8 అంగుళాల వరకు నింపితే, అడుగున ఇసుక పోను, దాదాపు 20 లీటర్ల నీళ్లు.

మిగతా లెక్క ఇది: 50 వాట్ల థర్మోస్టాట్ హీటర్ 450, ఎయిర్ పంపు 180, చిన్న స్పాంజ్ ఫిల్టర్ 120, ట్యూబు, టీ వాల్వు, చెక్ వాల్వు కలిపి 60, థర్మామీటరు 60, అమ్మోనియా కిట్ 350, క్లోరిన్ విరుగుడు హైపో 30. మొత్తం రూ.1,650. మిగిలిన 150 ఆర్‌ఓ క్యాన్లకు, ఒక చిన్న ప్యాకెట్ మేలు రకం గింజలకు.

కిట్ బదులు లైటు కొనమని, రంగు రాళ్లు కొనమని పిల్లలు పట్టుపట్టారు. చేప తట్టుకోగలిగేది ఎంత, నీళ్లలో ఉన్నది ఎంత అన్నది కంటికి కనిపించదు. తళతళలాడే నీటిలో కూడా 2 పీపీఎం ఉండొచ్చు. కిట్ లేకపోతే నీళ్లు ఎప్పుడు మార్చాలో ఊహించుకోవాలి. లైటు లేకపోతే చేపకు లోటేమీ లేదు, కిటికీ వెలుతురు చాలు. అయితే నేరుగా ఎండ పడకూడదు.

చవకగా దొరికే టెస్ట్ స్ట్రిప్స్ కొనేముందు అందులో అమ్మోనియా గడి ఉందో లేదో చూడాలి. చాలావాటిలో ఉండదు.

ట్యాంకు పెట్టిన తీరు

గట్టి బల్ల మీద టీవీ పెట్టెలోంచి తీసిన థర్మోకోల్ షీటు, దాని మీద ట్యాంకు. నీళ్లు, ఇసుక, గాజు కలిపి 30 కిలోలు దాటుతుంది, అందుకని అల్మారా పలకలు పనికిరావు. నిండా నింపి రెండు రాత్రులు ఉంచి, మూలల కింద పాత న్యూస్‌పేపర్ పెట్టి తడి చూశాం. తడి లేదు. కారి ఉంటే పాత సిలికాన్ మీద కొత్తది పూయడం కుదిరేది కాదు. పాతది బ్లేడుతో పూర్తిగా గీకి, లోపలంతా మళ్లీ వేసుకోవాలి. కొత్త సిలికాన్ పాతదానికి అతుక్కోదు.

ఇసుక కట్టడం దగ్గర నుంచి బకెట్టు తెచ్చుకున్నారు. జల్లించి, నీళ్లు తేటగా వచ్చే వరకు కడిగి, గుప్పెడు తీసి నిమ్మరసం పిండి చూశాం. బుడగలు పొంగితే అందులో సున్నం ఉన్నట్టు, అది పీహెచ్‌ను ఇంకా పైకి తోస్తుంది. పొంగలేదు. ఒక అంగుళం మందాన పరిచాం. ఎక్కువ వేస్తే కింద కుళ్లు చేరుతుంది.

నీళ్లు సగం సంపువి, సగం ఆర్‌ఓవి. టీడీఎస్ 470 దగ్గర నిలిచింది. మొత్తం ఆర్‌ఓ పోయకపోవడానికి కారణం ఉంది. అందులో కార్బొనేట్లు ఉండవు, పీహెచ్‌ను పట్టి నిలిపేది ఏదీ ఉండదు. కొన్ని వారాల్లో పీహెచ్ కూలి, దానితో బ్యాక్టీరియా పని ఆగిపోతుంది. కలిపిన నీటిలో పీహెచ్ పెద్దగా దిగలేదు, 8కి కాస్త కింద నిలిచింది. దాన్ని దించే సీసా మందులు కొనవద్దన్నాం. రోజుకోలా ఊగే 7 కంటే నిలకడగా ఉండే 7.8 ఈ చేపకు నయం.

క్లోరిన్ విరుగుడుకు సోడియం థయోసల్ఫేట్, అంటే కెమికల్ షాపుల్లో హైపో పేరుతో అమ్మే పలుకులు, 10 గ్రాములు 100 మి.లీ. ఆర్‌ఓ నీటిలో కరిగించి సీసాలో పోసుకున్నారు. 10 లీటర్లకు 1 మి.లీ., సిరంజితో కొలిచి. సంపులో మున్సిపల్ నీళ్లు కలిశాయో లేదో తెలియదు కాబట్టి ప్రతిసారీ వేయాల్సిందే. ఈ మోతాదు కాస్త ఎక్కువైనా చేపకు హాని లేదు.

వీధి చివరి బాదం చెట్టు కింద రాలిన ఎండు ఆకులు రెండు కడిగి వేశాం. ఇంత కార్బొనేట్ ఉన్న నీటిలో ఆకు పీహెచ్‌ను దించదు, అందుకు వేయలేదు. చేప దాని కింద దాక్కుంటుంది, దాని మీద ఆనుకుని పడుకుంటుంది. అమ్మోనియాను, బ్యాక్టీరియా దాన్ని మార్చగా చివరికి మిగిలే నైట్రేట్‌ను కాస్త లాగడానికి మనీప్లాంట్ కాడలు నాలుగు, వేళ్లు మాత్రమే నీటిలో ఉండేలా వెనక అంచుకు తగిలించాం. ఆకులు నీటిలో మునిగితే కుళ్లుతాయి.

మూత అవసరం. ఫైటర్ ఎగిరి దూకుతుంది. పైగా చలిరాత్రి అది పీల్చే గాలి కూడా గది గాలే. మూత కింద ఉండే తేమ, వెచ్చదనం దాని శ్వాస అవయవానికి మేలు. కిటికీ దోమతెర ముక్కను చట్రానికి బిగించి, దాని మీద మూడొంతులు పాలిథిన్ షీటు కప్పారు.

హీటర్‌ను స్పాంజ్ ఫిల్టర్ పక్కన, అడుగుకు దగ్గరగా అడ్డంగా పెట్టి 26కు తిప్పాం. ఒక్కసారి వేడి పెంచకుండా నాలుగు గంటలకు రెండు డిగ్రీల చొప్పున. హీటర్ మీద అంకెను నమ్మకూడదు, థర్మామీటరునే నమ్మాలి. ఇక్కడ 26 అని పెడితే నీళ్లు 28 చూపించాయి, అంకెను 24 దగ్గర ఉంచాల్సి వచ్చింది. నీళ్లు మార్చే ముందు ప్లగ్గు తీసి పావుగంట ఆగాలి. వేడి గొట్టం గాలి తగిలి పగులుతుంది, పగిలిన హీటర్ ఉన్న నీటిలో చెయ్యి పెడితే షాక్. ఈ ఒక్క విషయం పిల్లల చేత కాగితం మీద రాయించి ప్లగ్గు పక్కన అంటించాం.

తడబడిన చోట్లు

బ్యాక్టీరియాను త్వరగా తేవాలంటే నడుస్తున్న ఆరోగ్యకరమైన ట్యాంకు నుంచి స్పాంజి ముక్క తెచ్చుకోవడమే చవక. తెలిసినవాళ్ల ఇంట్లో ఏడాదిగా జబ్బు ఎరగని ట్యాంకు ఉంది. వాళ్లు మంచి మనసుతో స్పాంజి పిండి, ఖాళీ కవరులో పెట్టి పంపారు. అది సాయంత్రం దాకా స్కూటర్ డిక్కీలో ఉండిపోయింది. ఆరిపోయి, వేడెక్కి, ఆ బ్యాక్టీరియాలో చాలా భాగం చచ్చింది. వారం గడిచినా అమ్మోనియాలో తేడా లేదు. రెండోసారి ఆ ట్యాంకు నీళ్లతోనే నింపిన డబ్బాలో ముంచి, గంటలోపు తెచ్చి, కొత్త స్పాంజికి దారంతో కట్టాం. దాని ప్రభావం పది రోజులలోపే కిట్ రంగులో కనిపించింది.

రెండోది గాలి. పంపు పూర్తిగా వదిలితే స్పాంజ్ ఫిల్టర్ గొట్టం నుంచి వచ్చే పొంగుకు పొడుగు తోక చేప నిలవలేక హీటర్ వెనక నక్కింది. వాల్వు తిప్పి గాలి బిగిస్తే పంపు లోపలి రబ్బరు పొర మీద ఒత్తిడి పడి త్వరగా పోతుంది. అందుకే టీ వాల్వు పెట్టి, ఒక దారిని ఫిల్టర్‌కు, రెండో దారిని బయటి గాలికి వదిలాం. మిగులు గాలి బయటికి పోతుంది, పంపుకు భారం లేదు, నీటిపైన కదలిక సన్నగా ఉంటుంది. చెక్ వాల్వు బాణం ఫిల్టర్ వైపు ఉండాలి. నోటితో ఊది చూస్తే సరైన వైపు తెలిసిపోతుంది. అది లేకుండా పంపును నీటిమట్టం కంటే కింద పెడితే కరెంటు పోయినప్పుడు నీళ్లు ట్యూబులోంచి వెనక్కి జారి పంపులోకి, అక్కడి నుంచి స్విచ్ బోర్డు దాకా రావచ్చు.

చేప ఉండగానే ట్యాంకును సిద్ధం చేయడం

చేప లేకుండా ట్యాంకును పండించడమే, అంటే ముందే బ్యాక్టీరియాను పెంచడమే మంచి పద్ధతి. ఇక్కడ చేపను ఉంచడానికి వేరే చోటు లేదు. కాబట్టి కొలతే రక్ష. పీహెచ్ 8, 26 డిగ్రీల దగ్గర మొత్తం అమ్మోనియా 0.5 ఉంటే విషభాగం 0.03 దగ్గరికి వస్తుంది, 0.25 ఉంటే 0.015 లోపు. అందుకే రోజూ సాయంత్రం పరీక్షించి, 0.25 కనిపిస్తే 6 లీటర్లు, 0.5 కనిపిస్తే 10 లీటర్లు మార్చాలని నియమం. కొత్త నీళ్లు ట్యాంకు నీళ్లంత వెచ్చగా ఉండాలి. కాచిన నీళ్లు కొద్దిగా కలిపి, థర్మామీటరుతో చూసి పోయాలి.

బ్యాక్టీరియా అమ్మోనియాను ముందు నైట్రైట్ అనే ఇంకో విషంగా మారుస్తుంది. దాన్ని కొలిచే కిట్‌కు డబ్బు లేదు. అయినా అమ్మోనియా దిగడం మొదలైతే నైట్రైట్ ఎక్కుతుందని తెలుసు, ఆ వరుస మారదు. నైట్రైట్ మొప్పల్లోంచి రక్తంలోకి పోయే దారినే ఉప్పులోని క్లోరైడూ వాడుకుంటుంది. క్లోరైడ్ ఎక్కువుంటే నైట్రైట్‌కు దారి దొరకదు. 20 లీటర్లకు ఒక టీస్పూను కల్లుప్పు, సుమారు 5 గ్రాములు, లీటరుకు 150 మిల్లీగ్రాముల క్లోరైడ్ ఇస్తుంది. ఒకటి రెండు పీపీఎం నైట్రైట్‌కు అది ధారాళంగా సరిపోతుంది. గ్లాసులో కరిగించి వేసి, నీళ్లు మార్చినప్పుడల్లా మార్చిన మేరకు మాత్రమే కలిపాం. ఆవిరైన నీటికి ఉప్పు వేయకూడదు. ఉప్పు ఆవిరవదు, పేరుకుపోతుంది. రూ.300 కిట్ చేసే పనిలో సగం ఈ టీస్పూను చేసింది.

తిండి మొదటి రెండు వారాలు రోజుకు ఒకసారి రెండే గింజలు, 1 మి.మీ. సైజువి. తర్వాత రెండు పూటలా మూడేసి, ఆదివారం ఖాళీ కడుపు. గింజల డబ్బా పిల్లలకు అందకుండా పెట్టి, వారం మొత్తానికి లెక్కించిన గింజలు మాత్ర డబ్బాలో రోజువారీగా వేసి ఇవ్వడంతో దొంగచాటు తిండి ఆగింది.

ఫలితం

మంచి నీళ్లలోకి వచ్చిన మూడో రోజుకు చేప తిండి అందుకుంది. వారానికి రెక్కలు విప్పింది. చీలిక అంచు దాటలేదు, కాబట్టి మందు వేయలేదు. రెండో వారం చివర నల్లగీత దాటి గాజు కాగితంలా పారదర్శకమైన కొత్త అంచు మొలిచింది. అది మానుతున్న గుర్తు. దాన్ని బూజు అనుకుని మందు వేసేవాళ్లు ఉన్నారు. బూజైతే దూదిలా వేలాడుతుంది, కొత్త రెక్క నున్నగా అంటుకుని ఉంటుంది. ఆరో వారానికి అమ్మోనియా వరుసగా సున్నా. ఉప్పు ఆపేశాం, వారానికి 5 లీటర్లు మార్చడం మిగిలింది. స్పాంజిని నెలకోసారి, కుళాయి కింద కాకుండా, తీసిన ట్యాంకు నీళ్లలోనే పిండాలి.

కరెంటు లెక్క కూడా అడిగారు. ఎయిర్ పంపు నెలకు రెండు మూడు యూనిట్లు. హీటర్ చలికాలంలో రోజుకు పది గంటలు వెలిగితే అర యూనిట్, నెలకు 15. ఫిబ్రవరి తర్వాత దాని పని దాదాపు ఉండదు.

నేర్చుకున్నవి

ఇదే బడ్జెట్‌తో అడిగేవారికి ఇప్పుడు ఇస్తున్న వరుస: నీటి పరిమాణం, అమ్మోనియా కిట్, హీటర్, ఫిల్టర్. రూ.1,000 మాత్రమే ఉంటే ఎండాకాలంలో మొదలుపెట్టమంటున్నాం. అప్పుడు హీటర్ ఖర్చును నవంబరు దాకా వాయిదా వేయొచ్చు. చలికాలంలో ఆ వాయిదా కుదరదు. ఫిల్టర్ లేకుండా రెండు రోజులకోసారి నీళ్లు మారుస్తూ నెట్టుకురావచ్చు గాని, ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే ఆ వారం చేప సంగతి ఏమిటన్నది ముందే ఆలోచించుకోవాలి.

చేప కోలుకున్నాక జోడీ తెద్దామన్నారు. ఫైటర్‌కు జోడీ 20 లీటర్లలో తోడు కాదు, దెబ్బలాట. గోల్డ్ ఫిష్‌కు ఈ వెచ్చదనం, ఈ చోటు రెండూ సరిపోవు. పిల్లలకు ఇంకో ప్రాణి కావాలంటే ఒకటి రెండు నత్తలు చాలు.

ఇక మే నెల. గదిలో 36 ఉంటే ట్యాంకులో నీళ్లు 32 దాటతాయి. అప్పుడు హీటర్ ప్లగ్గు తీసి, పాలిథిన్ తొలగించి దోమతెర ఒక్కటే ఉంచి, చిన్న టేబుల్ ఫ్యాన్ గాలి నీటి మీదుగా పోయేలా పెట్టాలి. ఆవిరితో రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఐసు ముక్కలు వేయకూడదు. రోజూ తగ్గిన మట్టాన్ని మాత్రం ఆర్‌ఓ నీళ్లతోనే నింపాలి, సంపు నీళ్లతో నింపుతూ పోతే టీడీఎస్ వారం వారం పెరుగుతుంది.